ఫోన్ ఏ బ్యాండ్ మీద ఉంది? గోదావరి డెల్టాలో సిగ్నల్ లెక్క

కోనసీమలో సిగ్నల్ మాట వస్తే మొదట అడిగేది "ఇక్కడ ఏ సిమ్ బాగా పనిచేస్తుంది?" అని. మలికిపురంలో ఒక కంపెనీ పేరు చెబుతారు, ముమ్మిడివరంలో ఇంకో పేరు చెబుతారు. అదే ఊళ్లో కాలువకు అవతల ఉన్నవాళ్లు రెండూ దండగే అంటారు. ఎవరి అనుభవం వాళ్లకు నిజమే. తేడా ఎక్కడ వస్తుందంటే, ఒక్కో కంపెనీ చేతిలో ఐదారు ఫ్రీక్వెన్సీ బ్యాండ్లు ఉంటాయి. ఒకటి దూరం పోతుంది, ఒకటి గోడ దాటుతుంది, ఒకటి దండిగా డేటా మోస్తుంది కానీ కొబ్బరి తోట దాటేసరికి నీరసిస్తుంది. ఫోన్ ఆ క్షణంలో వీటిలో దేన్ని పట్టుకుందో తెలియకుండా కంపెనీల మధ్య పోటీ పెడితే తేలేదేమీ లేదు.

కంపెనీ ఏ బ్యాండ్లు వాడుతోంది అన్నదానికి మూడు జవాబులున్నాయి. వేలంలో ఏం కొన్నదనేది ఒకటి. దగ్గర్లోని టవర్ మీద అందులో ఏవి బిగించిందనేది రెండోది. వాటిలో దేన్ని మన ఫోన్ అందుకోగలదనేది మూడోది. ఇంటర్నెట్‌లో దొరికే బ్యాండ్ల పట్టికలన్నీ మొదటిదాన్నే చెబుతాయి. ఇబ్బందులు మాత్రం మిగతా రెండింట్లోనే వస్తాయి.

ముందు కాగితం మీది సంగతి. స్పెక్ట్రమ్‌ను, అంటే ఈ ఫ్రీక్వెన్సీలు వాడుకునే హక్కును, దేశాన్ని 22 సర్కిళ్లుగా విడగొట్టి వేలం వేస్తారు. రాష్ట్రం 2014లో విడిపోయినా టెలికాం లెక్కలో ఆంధ్రప్రదేశ్ సర్కిల్ ఒక్కటే, తెలంగాణ కూడా అందులోనే ఉంది. పుదుచ్చేరి కింద ఉన్న యానాం కూడా ఫోన్ల విషయంలో ఇటువైపే లెక్క, కాకినాడ పరిధి నుంచి సేవ అందుతుంది కాబట్టి. కాబట్టి హైదరాబాద్ హైటెక్ సిటీకి, సముద్రం ఒడ్డున ఉన్న అంతర్వేదికి కంపెనీ కొన్న బ్యాండ్ల జాబితా ఒకటే. అక్కడ ఐదు బ్యాండ్లూ వెలుగుతుంటే ఇక్కడ రెండే ఉండొచ్చు. జాబితాలో ఉంది కదా అని అడగడానికి ఏమీ ఉండదు.

ఈ సర్కిల్‌లో జియో దగ్గర 700, 800, 1800, 2300, 3300 మెగాహెర్ట్జ్ బ్యాండ్లున్నాయి. 2010 వేలంలో 2300 బ్యాండ్‌ను దేశమంతటా గెలిచిన ఇన్ఫోటెల్ బ్రాడ్‌బ్యాండ్‌ను రిలయన్స్ కొనడంతోనే జియోకు పునాది పడింది. 800 మీద ఒకప్పుడు రిలయన్స్, టాటా ఇండికామ్ సీడీఎంఏ ఫోన్లు నడిచేవి. ఇప్పుడు పల్లెల్లో జియో 4జీకి అదే వెన్నెముక. 2021లో ఎయిర్‌టెల్ కూడా ఈ సర్కిల్‌లో తనకున్న 800లోంచి 3.75 మెగాహెర్ట్జ్ జియోకు అమ్మేసింది. ఎయిర్‌టెల్ తన లోబ్యాండ్ (తక్కువ ఫ్రీక్వెన్సీ) పనంతా 900 మీద పెట్టుకుంది, పైన 1800, 2100, 2300, 3300 ఉన్నాయి. ఇక్కడి 2300ను 2016లో ఎయిర్‌సెల్ దగ్గర కొన్నది. 2100లో నడిచే 3జీని 2020 నాటికి ఆపేసి ఆ జాగాను 4జీకి ఇచ్చింది. వొడాఫోన్ ఐడియాకు ప్రధానంగా 900, 1800, 2100. బీఎస్ఎన్ఎల్ పాత 2జీ 900, 1800 మీద, 3జీ 2100 మీద నడిచాయి. 2025 సెప్టెంబర్ 27న ప్రధాని ప్రారంభించిన స్వదేశీ 4జీకి 700, 2100 బ్యాండ్లు వాడుతున్నారు. 26 గిగాహెర్ట్జ్ అని ఇంకోటి కూడా అమ్ముడుపోయింది కానీ డెల్టా పల్లెల్లో దాని ఊసు అక్కర్లేదు.

పేర్ల దగ్గర కొంచెం గందరగోళం ఉంది. వేలం పత్రాల్లో 800 అని ఉండేది ఫోన్ డబ్బా మీద 850 అని, ప్రమాణాల్లో 5వ బ్యాండ్ అని ఉంటుంది. మూడూ ఒకటే. అలాగే 700 అంటే 28, 900 అంటే 8, 1800 అంటే 3, 2100 అంటే 1, 2300 అంటే 40. 5జీకి నంబరు ముందు ఎన్ చేరుతుంది: 700 మీద ఎన్28, 3300 మీద ఎన్78. ఈ ఏడు నంబర్లు గుర్తుంటే ఫోన్ స్పెసిఫికేషన్ చూసి చాలావరకు తేల్చుకోవచ్చు.

తక్కువ ఫ్రీక్వెన్సీ ఎక్కువ దూరం పోతుందని అందరూ అంటారు. ఎంత తేడా అన్నది మాత్రం తక్కువమంది చెబుతారు. ఒకే పవర్‌తో, ఒకే రకం మామూలు యాంటెన్నాలతో పంపితే, అడ్డేమీ లేని చోట కూడా 850తో పోలిస్తే 2300లో ఫోన్‌కు చేరే శక్తి ఏడో వంతే. 700తో 3500ను (ఇది 3300 బ్యాండ్‌లోదే) పోలిస్తే ఇరవై ఐదో వంతు. గోడలు, చెట్లు వచ్చాక తేడా ఇంకా పెరుగుతుంది. 5జీ యాంటెన్నాలు కిరణాన్ని ఫోన్ వైపు గురిపెట్టి ఈ నష్టంలో కొంత పూడుస్తాయి, మొత్తం పూడ్చలేవు.

డెల్టాలో కొండల్లేవు. 40 మీటర్ల టవర్ ఎక్కి చూస్తే 26 కిలోమీటర్ల దాకా రేడియో చూపు ఆనుతుంది. బల్లపరుపు నేల సిగ్నల్‌కు వరమే అనిపిస్తుంది. భీమవరం, ఉండి, ఆకివీడు వైపు చేపల, రొయ్యల చెరువుల మధ్య నిజంగానే అంతే. నీళ్లు, గట్లు తప్ప అడ్డేమీ లేదు, మూడు నాలుగు కిలోమీటర్ల దూరంలో 2300 కూడా హాయిగా దొరుకుతుంది. గోదావరి దాటి రాజోలు, అమలాపురం వైపు వస్తే లెక్క మారిపోతుంది. ఇళ్లన్నీ కొబ్బరి తోటల్లో దాక్కుని ఉంటాయి. ఆకుల్లో నీరు ఉంటుంది, వానకు తడిస్తే ఇంకా ఎక్కువ. 13 సెంటీమీటర్ల తరంగం ఉన్న 2300కు వరుసగా పది చెట్లు అడ్డం వస్తే చాలు. 35 సెంటీమీటర్ల తరంగం ఉన్న 850 మాత్రం సందుల్లోంచి, మొవ్వుల పక్కనుంచి వంగి ఇంట్లోకి వస్తుంది. అందుకే డాబా ఎక్కితే పరుగెత్తే నెట్ వంటింట్లోకి రాగానే డీలా పడుతుంది. సిగ్నల్ గీతలు మాత్రం నాలుగూ అలాగే ఉండొచ్చు, ఫోన్ నిశ్శబ్దంగా 40వ బ్యాండ్ వదిలి 5వ బ్యాండ్ పట్టుకుంది కాబట్టి.

గీతలు చెప్పని సంగతి ఇంకోటి ఉంది. అవి టవర్ నుంచి ఫోన్‌కు వచ్చే దారినే చూపిస్తాయి. టవర్ పదుల వాట్లతో అరుస్తుంది, ఫోన్ బదులు చెప్పేది మహా అయితే 0.2 వాట్లతో. దూరంగా లంక ఊళ్లో ఉంటే టవర్ మాట మనకు వినిపిస్తుంది, మన మాట టవర్‌కు వినిపించదు. వీడియో చూడటం కుదురుతుంది, వీడియో కాల్‌లో అవతలివాళ్లకు మన ముఖం ఆగిపోతుంది. వాట్సాప్‌లో ఫొటో వెళ్లక గుండ్రం తిరుగుతూ ఉంటుంది. 2300లో ఈ బాధ ఎక్కువ. అక్కడ పంపడానికీ అందుకోవడానికీ ఒకే ఫ్రీక్వెన్సీని వంతులేసుకుని వాడతారు, ఫోన్ వంతు చిన్నది. 850, 900, 1800లలో రెండు దారులూ వేరు.

మరి ఫోన్ ఏ బ్యాండ్ మీద ఉందో తెలుసుకోవడం ఎలా? ఐఫోన్‌లో *3001#12345#* డయల్ చేస్తే ఫీల్డ్ టెస్ట్ తెర వస్తుంది. చాలా సామ్‌సంగ్ ఫోన్లలో *#0011# పనిచేస్తుంది, బ్యాండ్ నంబరు నేరుగా కనిపిస్తుంది. మిగతా ఆండ్రాయిడ్ ఫోన్లలో *#*#4636#*#* కొట్టి చూడొచ్చు కానీ కొన్ని కంపెనీలు దాన్ని మూసేశాయి. అలాంటప్పుడు నెట్‌మాన్‌స్టర్, సెల్‌మ్యాపర్ లాంటి యాప్‌లు ఉపయోగపడతాయి. లొకేషన్ అనుమతి ఇవ్వకపోతే అవి ఏమీ చూపించవు. డ్యూయల్ సిమ్ ఫోన్‌లో ఏ సిమ్ వివరాలు చూస్తున్నామో కూడా గమనించాలి, చాలామంది ఒక సిమ్ వివరాలు చూసి రెండోదాన్ని తిడతారు.

తెర మీద కనిపించే వాటిలో మొదట నెట్‌వర్క్ కోడ్ చూడాలి. ఈ సర్కిల్‌లో 405 854 అంటే జియో, 404 49 అంటే ఎయిర్‌టెల్, 404 73 అంటే బీఎస్ఎన్ఎల్. ఐడియా పాత కోడ్ 404 07, వొడాఫోన్‌ది 404 13. తుఫాను వచ్చినప్పుడు ఒక కంపెనీ టవర్ పడిపోతే ఇంకో కంపెనీది పట్టుకునేలా ప్రభుత్వం సర్కిల్ లోపలి రోమింగ్ తెరుస్తుంది. అప్పుడు తెర మీద ఎవరి పేరున్నా అసలు ఎవరి టవర్ మీద ఉన్నామో ఈ కోడే చెబుతుంది.

తర్వాత చూడాల్సింది ఛానెల్ నంబరు. 4జీలో దీన్ని ఈఏఆర్ఎఫ్‌సీఎన్ అంటారు. బ్యాండ్ చూపించని యాప్‌లు కూడా దీన్ని చూపిస్తాయి, బ్యాండ్‌ను మనం లెక్కకట్టుకోవచ్చు. 0 నుంచి 599 మధ్య ఉంటే 1వ బ్యాండ్, 1200 నుంచి 1949 అయితే 3, 2400 నుంచి 2649 అయితే 5, 3450 నుంచి 3799 అయితే 8, 9210 నుంచి 9659 అయితే 28, 38650 నుంచి 39649 అయితే 40. అసలు ఫ్రీక్వెన్సీ కూడా కావాలంటే, ఆ బ్యాండ్ మొదటి నంబరు తీసేసి మిగిలినదాన్ని పదితో భాగించి బ్యాండ్ మొదటి ఫ్రీక్వెన్సీకి కలపాలి. ఉదాహరణకు 1500 అని ఉందనుకుందాం. 1200 తీసేస్తే 300, పదితో భాగిస్తే 30. 3వ బ్యాండ్ టవర్ వైపు 1805 దగ్గర మొదలవుతుంది కాబట్టి టవర్ 1835 మెగాహెర్ట్జ్ మీద పంపుతోంది. 5జీలో 3000 మెగాహెర్ట్జ్ లోపు లెక్క ఇంకా తేలిక, నంబరును 200తో భాగిస్తే చాలు: 1,52,000 అంటే 760, అంటే 700 బ్యాండ్. 6 లక్షలు దాటిన నంబరైతే 6 లక్షలు తీసేసి, 0.015తో హెచ్చవేసి, 3000 కలపాలి. 6,30,000 అంటే 3450.

మూడోది సిగ్నల్ బలం, ఆర్ఎస్ఆర్‌పీ. మైనస్ 85 అంటే బాగుంది, మైనస్ 110 అంటే ఈడుస్తోంది, మైనస్ 120 దగ్గర ఉంటే ఎప్పుడు పోతుందో చెప్పలేం. కొన్ని ఫోన్లు టవర్ దూరాన్ని సూచించే టైమింగ్ అడ్వాన్స్ కూడా చూపిస్తాయి. 4జీలో దాని ఒక్కో అంకె సుమారు 78 మీటర్లు. 40 అని ఉంటే టవర్ మూడు కిలోమీటర్ల పైనే ఉందన్నమాట. ఊళ్లో ఎదురుగా టవర్ కనిపిస్తుంటే ఈ అంకె 40 ఉందంటే, ఫోన్ ఆ టవర్‌ను కాకుండా ఏటి అవతలి దాన్ని పట్టుకుని ఉంది. నీటి మీదుగా అడ్డు లేకుండా వస్తుంది కాబట్టి గోదావరి పాయల వెంబడి, గౌతమి ఒడ్డునైనా వశిష్ట ఒడ్డునైనా, ఇలా జరగడానికి వీలుంది.

5జీ గుర్తు దగ్గర మోసపోవడం తేలిక. జియో 5జీ విడిగా నడిచే రకం, ఎయిర్‌టెల్ ఎక్కువగా 4జీని ఆసరా చేసుకుని నడిపింది. రెండో రకంలో 4జీ టవర్ "నా దగ్గర 5జీ ఉంది" అని ప్రకటిస్తే చాలు, అసలు 5జీ తరంగం అందకపోయినా చాలా ఫోన్లు పైన 5జీ అని వేసేస్తాయి. మొదటి రకంలో ఇబ్బంది వేరు. 3300 బ్యాండ్‌లో కంపెనీకి 100 మెగాహెర్ట్జ్ వెడల్పు దారి ఉంది, 700లో జియోకున్నది ఒక్కో వైపు 10 మెగాహెర్ట్జ్. కొబ్బరి తోటలో ఇంటి లోపల కనిపించే 5జీ చాలాసార్లు ఈ 700. రాత్రి ఎనిమిదికి ఊరంతా దాని మీదే పడితే, ఫోన్‌ను 4జీకి మార్చి 2300 పట్టుకున్నవాడికే స్పీడ్ ఎక్కువ రావచ్చు. 5జీ పెట్టుకుని టెన్షన్ పడేకన్నా ఎన్28 ఉందా ఎన్78 ఉందా అని ఒకసారి చూసుకోవడం మేలు.

బ్యాండ్ సంగతి అందరికంటే ఖరీదుగా నేర్పేది ఆక్వా చెరువుల దగ్గరి మొబైల్ స్టార్టర్. చెరువు నీటిలో గాలి కలిపే ఏరియేటర్ల మోటార్లను ఇంటి నుంచి ఆపడానికి, వేయడానికి, కరెంటు పోతే ఫోన్ రావడానికి సిమ్ వేసి పెట్టే పెట్టె అది. తెల్లవారుజామున చెరువులో ఆక్సిజన్ తగ్గే వేళ ఆ ఫోన్ రాకపోతే నష్టం లక్షల్లో ఉంటుంది. ఈ పెట్టెల్లో పాతవాటిలో ఉండేది 2జీ మాడ్యూల్. దాని కాగితం మీద 850, 900, 1800, 1900 అని నాలుగు బ్యాండ్లు రాసి ఉంటాయి. జియోకు 850 ఉంది కదా, 1800 కూడా ఉంది కదా, సిమ్ వేస్తే ఎందుకు పనిచేయదు అని చాలామందికి అనుమానం. బ్యాండ్ ఒకటే అయినా అందులో నడిచే పద్ధతి వేరు. జియో మొదలైందే 4జీతో, 2016లో మొదలైనప్పుడే 2జీ లేదు. రోడ్డు ఒకటే, దాని మీద ఆ పెట్టె ఎక్కగలిగే బండి మాత్రం లేదు. ఆ పెట్టెకు 2జీ నడిపే కంపెనీ సిమ్మే వేయాలి, ముఖ్యంగా ఆ చెరువు దగ్గర 900 అందేది. కొత్తగా 4జీ స్టార్టర్ కొంటుంటే వాయిస్ కాల్ 4జీ మీదే వెళ్తుందా, 5, 8, 3 బ్యాండ్లు ఉన్నాయా అని అడిగి తీసుకోవాలి. ఇనుప పెట్టె లోపల యాంటెన్నా పెట్టి మూత వేస్తే ఏ బ్యాండైనా ఒకటే, లోపలికి రాదు. వైరుతో బయటికి తీసి షెడ్డు పైకప్పు మీద నిలబెడితే సగం ఫిర్యాదులు తీరిపోతాయి.

విదేశాల నుంచి తెచ్చే ఫోన్లది ఇంకో తంతు. కోనసీమలో గల్ఫ్ నుంచి ఫోన్ రాని వీధి ఉండదు. అక్కడి ఫోన్లలో 3, 28, 40, ఎన్78 మామూలుగా ఉంటాయి కాబట్టి పెద్దగా ఇబ్బంది రాదు. వాటిలో ఉండే 20, 7 బ్యాండ్లు మాత్రం ఇక్కడ అక్కరకు రావు. అమెరికా నుంచి వచ్చేవాటి దగ్గరే జాగ్రత్త. అక్కడి కోసమే చేసిన తక్కువ ధర మోడళ్లు కొన్నింటిలో 40వ బ్యాండ్ ఉండదు, 8 ఉండదు. అలాంటి ఫోన్‌లో జియో సిమ్ పనిచేస్తుంది కానీ 5, 3 మీదే వేలాడుతుంది. ఇంట్లో మిగతా ఫోన్లకు స్పీడ్ వచ్చి దీనికి రాకపోతే సిమ్ మార్చి లాభం లేదు. మోడల్ నంబరు పట్టుకుని బ్యాండ్లు చూసుకోవాలి, పేరు ఒకటే అయినా దేశాన్ని బట్టి బ్యాండ్లు మారతాయి.

వానాకాలంలో ఇంకో చిత్రం కనిపిస్తుంది. సిగ్నల్ నిండుగా ఉంటుంది, నెట్ మాత్రం ఉండదు. 700 నుంచి 3500 దాకా ఏ బ్యాండ్‌నూ వాన చినుకులు పెద్దగా ఆపవు. ఆగేది వెనక దారిలో. ఫైబర్ లేని టవర్లను పక్క టవర్‌తో కలిపేది గుండ్రటి డ్రమ్ములాంటి మైక్రోవేవ్ యాంటెన్నా. అది 15 గిగాహెర్ట్జ్, ఆ పైన పనిచేస్తుంది, కుండపోత పడితే దాని లింకు బలహీనపడుతుంది. ఏటి అవతలి లంకలకు ఫైబర్ లాగడం కష్టం కాబట్టి ఇలాంటి లింకుల అవసరం అక్కడ ఎక్కువ. జనం ఆ డ్రమ్ములను చూసి "పెద్ద సిగ్నల్ యాంటెన్నా" అనుకుంటారు, ఫోన్‌తో దానికి నేరుగా సంబంధమే లేదు. ఫోన్‌తో మాట్లాడేవి నిలువు పలకలు. మనిషి ఎత్తు దాటిన పొడుగు పలకల్లో సాధారణంగా 700 నుంచి 900 లాంటి లోబ్యాండ్లు ఉంటాయి. పొట్టిగా, మందంగా పెట్టెలా ఉన్నది 3300 బ్యాండ్ 5జీది కావడానికి ఎక్కువ అవకాశం.

సముద్రం దగ్గర ఇంకో పేచీ ఉంది. గాలి కదలని రాత్రుల్లో, చలికాలపు తెల్లవారుజాముల్లో నీటి మీద వేడి, చల్లటి గాలి పొరలు పేరుకుని తరంగాలు వాటి మధ్య ఇరుక్కుని వంద కిలోమీటర్ల పైగా ప్రయాణిస్తాయి. వంతులేసుకుని వాడే 2300 లాంటి బ్యాండ్లలో టవర్ పంపడం ఆపి వినడం మొదలుపెట్టే ముందు చిన్న విరామం ఉంటుంది. మామూలుగా వాడే ఒక అమరికలో ఆ విరామం 43 కిలోమీటర్ల ప్రయాణానికి సరిపోతుంది. అంతకు మించి దూరం నుంచి వచ్చిన వేరే టవర్ మోత మన టవర్ వినే వేళలో పడుతుంది. తీరప్రాంతాల్లో తెల్లవారుజామున 2300 నెట్ కారణం లేకుండా దెబ్బతిని, ఎండ ఎక్కాక దానంతటదే సర్దుకుంటే ఇదీ ఒక అనుమానం. 1800కు మారి చూస్తే తేడా తెలుస్తుంది.

దగ్గర్లో ఏ కంపెనీ టవర్లున్నాయో, వాటిలో ఏ టెక్నాలజీ నడుస్తోందో టెలికాం శాఖ 2017లో తెచ్చిన తరంగ్ సంచార్ పోర్టల్‌లో చూడొచ్చు. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ ఆదేశాలతో 2025 నుంచి కంపెనీలు తమ కవరేజీ మ్యాపులు కూడా పెడుతున్నాయి. అవి 4జీ, 5జీ అని రంగులేస్తాయి కానీ బ్యాండ్ చెప్పవు, కాబట్టి ఇంటి లోపలి సంగతి వాటితో తేలదు. సెల్‌మ్యాపర్‌లో జనం నమోదు చేసిన వివరాల్లో బ్యాండ్లు ఉంటాయి, అయితే హైవే వెంట కిక్కిరిసి, లంకల్లో ఖాళీగా కనిపిస్తాయి.

సిగ్నల్ లేదని కొందరు ఆన్‌లైన్‌లో బూస్టర్ కొని డాబా మీద పెడుతుంటారు. అనుమతి లేకుండా పెట్టడం చట్టవిరుద్ధం. పైగా చవకబారు బూస్టర్ 900 మీద పెడితే చుట్టుపక్కల ఇళ్లన్నింటికీ ఆ బ్యాండ్‌లో మోత పెరుగుతుంది, టవర్‌కు ఎవరి మాటా సరిగా వినపడదు. సరైన దారి 4జీ రౌటర్, దానికి డాబా మీద ఒకే వైపు గురిపెట్టే యాంటెన్నా. యాంటెన్నా ఏ టవర్ వైపు తిప్పాలో సిగ్నల్ బలం, టైమింగ్ అడ్వాన్స్ చూసుకుంటూ తేల్చుకోవచ్చు. చాలా రౌటర్లలో ఒకే బ్యాండ్‌కు కట్టేసే బ్యాండ్ లాక్ సదుపాయం ఉంటుంది. తోట పైకి లేచిన యాంటెన్నాకు 2300 అందుతుంటే రౌటర్‌ను 40 మీద లాక్ చేయడం మంచిది. అలా చేయకపోతే బలం ఎక్కువ ఉందని అది 5 మీదకే దిగిపోతుంది. రాత్రి వేళ ఆ బ్యాండ్ మీదే ఇళ్లలో ఉన్న ఫోన్లన్నీ ఉంటాయి.